విశ్వవిద్యాలయాలకు విదేశీ సొమ్ము: లెక్క ఎవరికి చెప్పాలి?

1981 ఫిబ్రవరిలో వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం లిబియాకు 6 లక్షల డాలర్లు తిరిగి ఇచ్చేసింది, వడ్డీతో సహా. అరబ్ అధ్యయనాల కోసం కొన్నేళ్ల ముందు పుచ్చుకున్న సొమ్ము అది. ఉగ్రవాదాన్ని వెనకేసుకొచ్చే ప్రభుత్వం డబ్బు తమకు వద్దని అప్పటి అధ్యక్షుడు తిమోతీ హీలీ తేల్చేశారు. ముప్పై ఏళ్ల తర్వాత, 2011 మార్చిలో, అదే లిబియా సొమ్ము కారణంగా లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ డైరెక్టర్ హోవర్డ్ డేవిస్ రాజీనామా చేయాల్సి వచ్చింది.

లండన్‌లో జరిగింది కాస్త వివరంగా చూడాలి. అప్పటి లిబియా పాలకుడు గడాఫీ కొడుకు సైఫ్ అల్ ఇస్లాం 2008లో ఆ సంస్థ నుంచి పీహెచ్‌డీ పట్టా పొందాడు. మరుసటి ఏడాదే అతని ఆధ్వర్యంలోని ఫౌండేషన్ నుంచి 15 లక్షల పౌండ్ల విరాళం తీసుకోవడానికి పాలక మండలి ఒప్పుకుంది. మరోవైపు లిబియా ప్రభుత్వోద్యోగులకు శిక్షణ ఇచ్చేందుకు 22 లక్షల పౌండ్ల ఒప్పందం కుదిరింది. ఈ విరాళం తగదని 2009లోనే మండలికి లిఖితపూర్వకంగా చెప్పిన మనిషి ఒకరున్నారు. అరబ్ ప్రపంచాన్ని దశాబ్దాలుగా చదివిన ప్రొఫెసర్ ఫ్రెడ్ హాలిడే. ఆయన మాట నెగ్గలేదు. 2010లో ఆయన కన్నుమూశారు. ఏడాది తిరక్కుండా లిబియాలో తిరుగుబాటు మొదలైంది, విరాళం సంగతి పత్రికలకెక్కింది, డైరెక్టర్ పదవి పోయింది. అప్పటికి చేతికందింది 3 లక్షల పౌండ్లే. తర్వాత లార్డ్ వూల్ఫ్ జరిపిన విచారణలో తేలిందేమిటంటే, ఆ డబ్బు మూలం ఎక్కడుందో సంస్థ సరిగా ఆరా తీయలేదు, విరాళాలను తూచి చూసే పద్ధతి కూడా దానికి లేదు.

ఈ రెండు ఘటనల నడుమా, వాటి తర్వాతా, అనేక దేశాలు విశ్వవిద్యాలయాలకు వచ్చే విదేశీ సొమ్ముపై చట్టాలు చేశాయి. వీటన్నిటికీ మూలసూత్రం ఒకటే. ఎవరి నుంచి ఎంత తీసుకున్నారో బయటపెట్టాలి. ఆ సూత్రంతో ఎవరికీ పేచీ లేదు. ఎవరికి బయటపెట్టాలి, ఏం బయటపెట్టాలి అన్న దగ్గరే దేశాలు వేరువేరు దారులు పట్టాయి. నలభై ఏళ్ల అనుభవాన్ని తిరగేస్తే నాకు స్పష్టంగా కనబడేది ఇది: సొమ్ము వెంట వచ్చే షరతులను విశ్వవిద్యాలయంలోని వారి ముందూ, ప్రజల ముందూ పెట్టిన చోట ఈ చట్టాలు చదువును కాపాడాయి. మొత్తాలను సర్కారు చెవిలో మాత్రమే వేయమన్న చోట పెద్దగా ఫలితం లేదు. వెల్లడిని అనుమతిగా మార్చిన చోట చదువుకే చేటు జరిగింది.

అమెరికా: ముప్పై ఏళ్లు నిద్రపోయిన సెక్షన్

ఈ తరహా చట్టాల్లో పాతవాటిలో ఒకటి అమెరికాది. 1970లలో చమురు ధరలు పెరిగాక గల్ఫ్ దేశాల నుంచి అమెరికన్ విశ్వవిద్యాలయాలకు నిధులు రావడం మొదలైంది. దానిపై రేగిన చర్చ ఫలితంగా 1965 నాటి ఉన్నత విద్యా చట్టానికి 1986లో ఒక నిబంధన చేర్చారు. ఇప్పుడు దాన్ని సెక్షన్ 117 అంటున్నారు. ఒక విదేశీ దాత నుంచి ఒక ఏడాదిలో 2.5 లక్షల డాలర్లు, అంతకు మించి విరాళంగా గానీ ఒప్పందం మీద గానీ వస్తే, ఏడాదికి రెండుసార్లు, జనవరి 31కీ జూలై 31కీ, కేంద్ర విద్యాశాఖకు నివేదించాలి.

కాగితం మీద చట్టం బాగానే ఉంది. పాటించకపోతే న్యాయశాఖ కోర్టుకు వెళ్లవచ్చు, ఖర్చులు రాబట్టవచ్చు, అంతే. జరిమానా లేదు. విద్యాశాఖ కూడా ఏళ్ల తరబడి అడిగిన పాపాన పోలేదు. 2019 ఫిబ్రవరిలో సెనేట్ దర్యాప్తు ఉపసంఘం ఒక నివేదిక ఇచ్చేదాకా ఈ సెక్షన్ ఉన్న సంగతే చాలామంది మరిచిపోయారు. చైనా ప్రభుత్వ సంస్థ హాన్‌బాన్ 2006 నుంచి అమెరికన్ విద్యాసంస్థల్లో చైనా భాషా సంస్కృతులు నేర్పే కన్ఫ్యూషియస్ ఇన్‌స్టిట్యూట్ల కోసం 15.8 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చిందనీ, 2.5 లక్షలకు మించి తీసుకున్న సంస్థల్లో దాదాపు 70 శాతం సరిగా నివేదించలేదనీ ఆ ఉపసంఘం తేల్చింది.

దాంతో విద్యాశాఖ మేలుకొంది. జార్జ్‌టౌన్, టెక్సాస్ ఏ అండ్ ఎం, కార్నెల్, ఎంఐటీ, హార్వర్డ్, యేల్ సహా పన్నెండు సంస్థలపై దర్యాప్తులు మొదలయ్యాయి. అప్పటిదాకా చెప్పని 650 కోట్ల డాలర్లకు పైగా సొమ్ము లెక్కల్లోకి వచ్చిందని 2020 అక్టోబరులో ఆ శాఖ ప్రకటించింది. యేల్ ఒక్కటే 37.5 కోట్ల డాలర్లు చూపలేదని తేలింది. ఇంత పెద్ద సంస్థలు, ఇంతమంది ఆడిటర్లు, న్యాయవాదులు ఉండి కూడా నాలుగు గళ్ల ఫారం నింపలేదంటే, అడిగేవాడు లేని చట్టం ఎంతగా చచ్చుబడిపోతుందో అర్థమవుతుంది.

అంకె చెప్పనిది, షరతు చెప్పేది

అయితే ఆ 650 కోట్ల అంకె నుంచి మనకు ఏం తెలిసింది? చాలా తక్కువే. సెక్షన్ 117 కింద విదేశీ ప్రైవేటు దాతల సొమ్మును దేశాల వారీగా కూడి చెబితే సరిపోతుంది, దాత పేరు జనానికి తెలియనక్కర్లేదు. ఖతార్‌నే తీసుకోండి. ఈ జాబితాల్లో ఎప్పుడూ పైవరసలో కనిపించే దేశం అది. దోహాలోని ఎడ్యుకేషన్ సిటీలో కార్నెల్, జార్జ్‌టౌన్, కార్నెగీ మెలన్, నార్త్‌వెస్టర్న్ వంటి సంస్థలు ప్రాంగణాలు నడుపుతున్నాయి. ఖతార్ పద్దులో చూపించే సొమ్ములో పెద్ద భాగం ఆ ప్రాంగణాల నిర్వహణ ఖర్చు. వాషింగ్టన్‌లో ఒక ఆచార్య పీఠానికి ఇచ్చిన విరాళమూ దోహాలో అధ్యాపకుల జీతాలకు ఇచ్చిన సొమ్మూ పట్టికలో పక్కపక్కనే ఒకే తీరుగా కనిపిస్తాయి. చదివేవారికి తేడా తెలిసే దారి లేదు.

టాటాల సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. కార్నెల్‌కు 2008లో 5 కోట్ల డాలర్లు, హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు 2010లో మరో 5 కోట్లు టాటా సంస్థల నుంచి వెళ్లాయి. 2015లో టీసీఎస్ కార్నెగీ మెలన్‌కు 3.5 కోట్ల డాలర్లు ఇచ్చింది. మనకు గర్వంగా అనిపించే ఈ విరాళాలన్నీ అమెరికా చట్టం కంటికి విదేశీ సొమ్మే. కాబట్టి విదేశీ అన్న ఒక్క ముద్రతో మంచీ చెడూ తేలదు.

అసలు సంగతి ఎక్కడ ఉంటుందో యూరప్‌లో రెండు ఉదాహరణలు చెబుతాయి. బెర్లిన్‌లోని ఫ్రీ యూనివర్సిటీ చైనా అధ్యయనాలకు సంబంధించిన ఒక ఆచార్య పదవి కోసం హాన్‌బాన్‌తో ఒప్పందం చేసుకుంది. ఆ ఒప్పందం చైనా చట్టాలకు లోబడి ఉందని 2020లో బయటపడింది. మొత్తం కంటే ఆ ఒక్క వాక్యమే గొడవకు దారితీసింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని వ్రైయె విశ్వవిద్యాలయంలో మానవ హక్కుల పరిశోధన కేంద్రం ఒకటుంది. చైనాలోని చోంగ్‌చింగ్‌లో ఉన్న ఒక న్యాయ విశ్వవిద్యాలయం దానికి ఏటా రెండున్నర నుంచి మూడు లక్షల యూరోలు ఇస్తున్న సంగతిని డచ్ ప్రభుత్వ ప్రసార సంస్థ ఎన్‌ఓఎస్ 2022 జనవరిలో బయటపెట్టింది. షిన్‌జియాంగ్‌లో మైనారిటీల పట్ల వివక్ష లేదన్న మాటలు ఆ కేంద్రం తరఫున వెలువడినట్టు కూడా తెలిసింది. వెంటనే విశ్వవిద్యాలయం ఆ నిధులు ఆపేసింది. ఈ రెండు చోట్లా నిజం బయటికి తెచ్చింది ఏ ప్రభుత్వ ఫారమూ కాదు, విలేకరులు.

షరతుల బెడద విదేశీ సొమ్ముకే పరిమితం అనుకుంటే పొరపాటు. వర్జీనియాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో కోక్ ఫౌండేషన్ తదితర అమెరికన్ దాతలతో చేసుకున్న పాత ఒప్పందాలు 2018లో వెలుగు చూశాయి. కొన్ని ఆచార్య పదవుల ఎంపిక కమిటీల్లో దాతల ప్రతినిధులకు చోటు ఇచ్చారని వాటిలో ఉంది. అప్పటికి అక్కడి విద్యార్థులు ఏళ్ల తరబడి ఆ కాగితాల కోసం అడుగుతూ, కోర్టుకు కూడా వెళ్లారు. ఎవరిని ఆచార్యుడిగా తీసుకోవాలో, ఏం బోధించాలో, ఏం ప్రచురించకూడదో నిర్ణయించే హక్కు డబ్బుతో పాటు చేతులు మారిందా? ప్రతి ఒప్పందాన్నీ అడగాల్సిన ప్రశ్న అదే. ఆ డబ్బు రియాద్ నుంచి వచ్చినా, కాన్సస్ నుంచి వచ్చినా ప్రశ్న మారదు.

నిజానికి ఈ మెలకువ సెక్షన్ 117లో కొంత ఉంది. అధ్యాపకుల నియామకం, కొత్త విభాగాల ఏర్పాటు, విద్యార్థుల ఎంపిక వంటి వాటికి ముడిపెట్టిన విరాళాలకు ఆ షరతుల వివరణ కూడా ఇవ్వాలని అందులో రాశారు. నలభై ఏళ్లలో చర్చంతా మొత్తాల చుట్టూ తిరిగి, విలువైన ఈ భాగం వెనకబడిపోయింది.

లెక్కల నుంచి మనుషుల మీదికి

సంస్థలను అడగాల్సిన ప్రశ్నలు వ్యక్తులను అడగడం మొదలుపెడితే ఏమవుతుందో అమెరికా చూపించింది. 2018 నవంబరులో న్యాయశాఖ చైనా ఇనిషియేటివ్ పేరుతో, చైనాతో సంబంధాలు దాచారంటూ పరిశోధకులపై కూడా కేసులు పెట్టడం మొదలుపెట్టింది. కొన్ని నిలిచాయి. చైనా నియామక పథకంలో తన పాత్ర గురించి అధికారులకు అబద్ధం చెప్పారని హార్వర్డ్ రసాయన శాస్త్రవేత్త చార్లెస్ లీబర్‌ను 2021 డిసెంబరులో జ్యూరీ దోషిగా తేల్చింది. చాలా కేసులు నిలవలేదు. టెనెసీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆన్‌మింగ్ హూ నిర్దోషిగా బయటపడ్డారు.

ఎంఐటీ ఆచార్యుడు గాంగ్ చెన్ కేసు ఇంకా బాధాకరం. 2021 జనవరిలో ఆయన్ని అరెస్టు చేశారు. ఆయన విదేశీ సొమ్ము పుచ్చుకున్నారని ప్రభుత్వం చెప్పిన లెక్కలో అత్యధిక భాగం షెన్‌జెన్‌లోని ఒక విశ్వవిద్యాలయం ఇచ్చింది. ఆ ఒప్పందం ఎంఐటీ సంస్థగా చేసుకున్నదనీ, ఆ డబ్బు ఆయన జేబులోకి వెళ్లలేదనీ ఎంఐటీ అధ్యక్షుడు రాఫెల్ రైఫ్ బహిరంగంగా చెప్పారు. ఏడాది గడిచాక కేసు ఉపసంహరించుకున్నారు. సంస్థ ఒప్పందం పూర్తిగా అందరి ముందూ ఉండి ఉంటే, ఒక శాస్త్రవేత్త ఏడాదిపాటు దేశద్రోహి ముద్ర మోయాల్సిన పని ఉండేది కాదని నేను నమ్ముతున్నాను. 2022 ఫిబ్రవరిలో ఆ కార్యక్రమానికే స్వస్తి పలికారు. చైనా మూలాలున్న శాస్త్రవేత్తల మనసుల్లో పాతుకున్న భయం మాత్రం అంత తేలిగ్గా పోలేదు.

ఫ్లోరిడా 2021లో నివేదన పరిమితిని 50 వేల డాలర్లకు తగ్గించింది. అక్కడితో ఆగలేదు. 2023లో చైనా, రష్యా, ఇరాన్ సహా ఏడు దేశాలతో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఒప్పందాలు చేసుకోవడంపై, ఆ దేశాల విద్యార్థులను పరిశోధన సహాయకులుగా పెట్టుకోవడంపై ఆంక్షలు పెట్టింది. సొమ్ము గురించి మొదలైన ప్రశ్న పాస్‌పోర్టు దగ్గరికి చేరింది. అమెరికా ప్రతినిధుల సభ 2023 డిసెంబరులో, మళ్లీ 2025 మార్చిలో ఆమోదించిన డిటరెంట్ బిల్లు కూడా దేశ స్థాయిలో పరిమితిని 50 వేలకు దించుతుంది. ఆందోళనకర దేశాలుగా గుర్తించిన వాటి విషయంలో తొలి డాలరు నుంచే చెప్పాలంటుంది, జరిమానాలు చేరుస్తుంది.

జరిమానాలు ఉండాల్సిందే. అవి లేకనే ఈ చట్టం ముప్పై ఏళ్లు నిద్రపోయింది. కానీ 2025 ఏప్రిల్‌లో అధ్యక్షుడు ట్రంప్ ఈ సెక్షన్‌ను గట్టిగా అమలు చేయాలని ఉత్తర్వు ఇచ్చిన సమయం చూడండి. అదే నెలలో హార్వర్డ్‌కు వందల కోట్ల డాలర్ల కేంద్ర నిధులు స్తంభింపజేశారు, అదే నెలలో హార్వర్డ్ విదేశీ నిధుల కాగితాలు అడిగారు. అడగడం న్యాయమే. అడిగే చేతిలోనే నిధులు ఆపేసే అధికారం, విద్యార్థుల వీసాల అధికారం కూడా ఉన్నప్పుడు, వెల్లడి చట్టం ఒక విశ్వవిద్యాలయాన్ని లొంగదీసే ఆయుధాల్లో ఒకటిగా మారే ప్రమాదం ఉంది.

మిగతా దేశాల దారి

ఆస్ట్రేలియా అందరికంటే దూరం వెళ్లింది. 2020 డిసెంబరులో అమల్లోకి వచ్చిన విదేశీ సంబంధాల చట్టం ప్రకారం ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు విదేశీ ప్రభుత్వాలతోనూ, స్వయంప్రతిపత్తి లేని విదేశీ విశ్వవిద్యాలయాలతోనూ చేసుకునే ఒప్పందాలను విదేశాంగ మంత్రికి తెలపాలి. వాటి జాబితా ప్రజలకు అందుబాటులో ఉంటుంది. ఇంతవరకు మెచ్చుకోవాలి. అయితే ఆ ఒప్పందాలను రద్దు చేసే అధికారం కూడా మంత్రికే ఉంది, రద్దుకు ముందు సంస్థ వాదన వినాలన్న నియమమేమీ లేదు. దీనికి భిన్నంగా, 2019లో విశ్వవిద్యాలయాలూ భద్రతా సంస్థలూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని రాసుకున్న మార్గదర్శకాలు నాకు ఎక్కువ నచ్చాయి. ఏ పరిశోధన సున్నితమైనదో, ఏ భాగస్వామి గురించి ఏం తెలుసుకోవాలో ప్రయోగశాలలో పనిచేసేవారికే బాగా తెలుస్తుంది.

బ్రిటన్ 2023లో చేసిన ఉన్నత విద్యలో వాక్ స్వాతంత్ర్య చట్టంలో విదేశీ నిధులపై నియంత్రణ సంస్థ కన్నేసి ఉంచాలన్న నిబంధన పెట్టింది. ఆ ఆలోచన బాగుంది, ఎందుకంటే అక్కడ ప్రశ్నను భద్రతతో కాక వాక్ స్వాతంత్ర్యంతో ముడిపెట్టారు. 2024 జూలైలో ప్రభుత్వం మారగానే చట్టం అమలును నిలిపివేశారు. కొన్ని భాగాలను తర్వాత కదిలించినా, విదేశీ నిధుల నిబంధన వెనకే ఉండిపోయింది.

హంగరీ, రష్యాలు చూపించింది మరో దారి. 2008లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని యూరోపియన్ విశ్వవిద్యాలయాన్ని అగ్నిమాపక నిబంధనల పేరుతో మూసేశారు. ఎన్నికల పరిశీలనపై ఒక ప్రాజెక్టు కోసం అది యూరోపియన్ యూనియన్ నిధులు తీసుకున్న తర్వాత జరిగిన సంగతి ఇది. 2017లో విదేశీ విశ్వవిద్యాలయాలపై హంగరీ చేసిన చట్టం ధాటికి బుడాపెస్ట్‌లోని సెంట్రల్ యూరోపియన్ విశ్వవిద్యాలయం వియన్నాకు తరలిపోవాల్సి వచ్చింది. ఆ చట్టం చెల్లదని యూరప్ న్యాయస్థానం 2020 అక్టోబరులో తీర్పు ఇచ్చేసరికి తరగతులు ఊరు దాటిపోయాయి. విదేశీ ప్రభావం అన్న మాట చేతికి దొరికితే పాలకులు నచ్చని విశ్వవిద్యాలయాన్ని ఎలా వెళ్లగొట్టగలరో ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మన దేశం: అనుమతుల దారి

మన దగ్గర ఈ భయం కొత్తది కాదు, నిరాధారమూ కాదు. అంతర్జాతీయ విద్యార్థి, మేధావి సంస్థలకు సీఐఏ రహస్యంగా నిధులు ఇచ్చిందని 1967లో బయటపడింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం హిమాలయ సరిహద్దు దేశాలపై చేపట్టిన పరిశోధనకు అమెరికా రక్షణ శాఖ డబ్బు ఇస్తోందని తెలిసి 1968లో ఇక్కడ పెద్ద దుమారం రేగింది. వాటికి పక్కన మన హైదరాబాద్‌ను ఉంచి చూడండి. 1964లో ఉస్మానియా ప్రాంగణంలో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ పెట్టారు. అమెరికా సాయంతో నడుస్తోందని అందరికీ తెలుసు. తెలిసే దేశం నలుమూలల నుంచి పరిశోధకులు దాని గ్రంథాలయానికి వచ్చారు, అమెరికా విధానాలను ఆ పుస్తకాల సాయంతోనే విమర్శించినవారూ వారిలో ఉన్నారు. ఎవరి డబ్బో తెలిసినప్పుడు చదువుకున్నవాడు తన జాగ్రత్తలో తాను ఉండగలడు. తెలియనప్పుడే మోసపోతాడు.

1976లో ఎమర్జెన్సీ కాలంలో వచ్చిన విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, దాని స్థానంలో 2010లో వచ్చిన కొత్త చట్టం ఈ తేడాను పట్టించుకోలేదు. అవి నడిచింది రిజిస్ట్రేషన్ల, ముందస్తు అనుమతుల దారిలో. 2020 సవరణతో విదేశీ విరాళం తొలుత ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖకే రావాలన్నారు. ఒకరికి వచ్చిన సొమ్మును మరో సంస్థకు పంచకూడదన్నారు, పరిపాలన ఖర్చుల పరిమితిని 50 నుంచి 20 శాతానికి తగ్గించారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ సవరణలను సమర్థించింది. రెండు మూడు సంస్థలు కలిసి చేసే పరిశోధనకు ఈ పంపక నిషేధం పెద్ద అడ్డంకి.

మన ప్రవాసులకు నేరుగా తగిలే సంగతి ఒకటుంది. ఒకే కళాశాలలో చదివిన ఇద్దరు తెలుగువాళ్లు డల్లాస్‌లో పక్కపక్క ఇళ్లలో ఉంటారనుకుందాం. ఇద్దరూ తమ కళాశాల ప్రయోగశాలకు చెరో పది లక్షలు పంపాలనుకున్నారు. భారత పాస్‌పోర్టు ఉన్న ఆయన తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది మామూలు విరాళం. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు పెట్టుకున్న ఆయన పంపితే విదేశీ విరాళం. మినహాయింపు గానీ, రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి గానీ లేకపోతే కళాశాల దాన్ని తీసుకోకూడదు. ఇద్దరి మనసూ ఒకటే, ప్రయోగశాల ఒకటే.

అమలు ఎలా సాగిందో 2017 చెబుతుంది. ఏటా ఇవ్వాల్సిన లెక్కలు సమర్పించలేదని జేఎన్‌యూ, ఢిల్లీ విశ్వవిద్యాలయం, ఐఐటీ ఢిల్లీ వంటి ప్రభుత్వ సంస్థల రిజిస్ట్రేషన్లను కూడా హోంశాఖ రద్దు చేసింది. మరోపక్క 2022 జూలైలో, విదేశీ విరాళాల వివరాలను మూడు నెలలకోసారి తమ వెబ్‌సైట్‌లో గానీ ప్రభుత్వ సైట్‌లో గానీ పెట్టాలన్న నియమాన్ని తొలగించారు. ఢిల్లీకి చెప్పాల్సిన లెక్కలు అలాగే ఉన్నాయి, జనానికి చెప్పాల్సినవి తగ్గాయి. సరిగ్గా తలకిందులుగా జరగాల్సిన పని ఇది.

2020 జూలైలో ఏడు విద్యాసంస్థల్లోని కన్ఫ్యూషియస్ ఇన్‌స్టిట్యూట్లను, చైనా సంస్థలతో ఉన్న 54 ఎంవోయూలను సమీక్షించాలని కేంద్రం నిర్ణయించింది. సమీక్ష అవసరమే. 2021 జనవరిలో మాత్రం ఆన్‌లైన్ అంతర్జాతీయ సదస్సులకు కూడా ముందస్తు అనుమతి కావాలన్న నిబంధన వచ్చింది. సైన్స్ అకాడమీలు గట్టిగా అభ్యంతరం చెప్పాక దాన్ని వెనక్కి తీసుకున్నారు. అనుమతుల దారి పట్టిన ప్రభుత్వం చివరికి ఎక్కడిదాకా వెళుతుందో ఆ నెల రోజులూ తెలియజెప్పాయి.

చేయదగినది

ఈ అనుభవాలన్నిటి నుంచి నేను తీసుకునే పాఠం ఇది. విశ్వవిద్యాలయం ఒక పరిమితికి మించి తీసుకునే ప్రతి విరాళాన్నీ, ప్రతి ఒప్పందాన్నీ షరతులతో సహా తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. సంతకం పెట్టే ముందు దాన్ని అకడమిక్ కౌన్సిల్ ముందు చర్చకు తేవాలి, అభ్యంతరం చెప్పిన అధ్యాపకుడి మాట మినిట్స్‌లో నమోదు కావాలి. స్వదేశీ కార్పొరేట్ సొమ్ముకూ, విదేశీ సొమ్ముకూ ఇదే నియమం ఉండాలి. పాటించని సంస్థకు జరిమానా పడాలి. దాచిన తప్పు సంస్థది అయినప్పుడు శాస్త్రవేత్తను జైలుకు పంపకూడదు. రక్షణతో నేరుగా ముడిపడిన పరిశోధనలకు ప్రభుత్వం అడ్డు చెప్పవచ్చు, కానీ ఆ జాబితా చిన్నదిగా ఉండాలి, కారణం రాతపూర్వకంగా చెప్పాలి, అప్పీలుకు దారి ఉండాలి.

దీనికి కొత్త చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. 2005 సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్ ప్రభుత్వ సంస్థలు అడగకముందే సమాచారం బయటపెట్టాలని ఆదేశిస్తోంది. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాలు తమ ఎంవోయూలను పూర్తి పాఠంతో ప్రచురించడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు. ప్రైవేటు విశ్వవిద్యాలయాల కోసం ఆంధ్రప్రదేశ్ 2016లో, తెలంగాణ 2018లో చేసుకున్న చట్టాలకు శాసనసభలు ఈ మేరకు ఒక క్లాజు చేరిస్తే చాలు. అమెరికాలోని పూర్వ విద్యార్థుల సంఘాలు కూడా తాము పంపే విరాళం వెంట ఒక మాట అడగాలి: మేం ఏ షరతు మీద ఇచ్చామో మీ విద్యార్థులు చదవగలిగేలా పెట్టండి అని. ఫ్రెడ్ హాలిడే వంటి ఆచార్యులు మన ప్రాంగణాల్లోనూ ఉన్నారు. వారి అభ్యంతరం నాలుగు గోడల మధ్య సమసిపోకుండా జనం చేతికి అందించే చట్టమే విశ్వవిద్యాలయాన్ని విదేశీ ధనం నుంచీ, స్వదేశీ ప్రభుత్వం నుంచీ ఒకేసారి కాపాడుతుంది.